నూనె వాసన పట్టుకుని తెంగానన్ దాకా

పోయిన సెప్టెంబరులో మూడు కుటుంబాలం కలిసి ఆరు రోజులు బాలి వెళ్లాం. నాలుగో రోజు అందరూ పడవెక్కి నుసా పెనిదా దీవికి బయల్దేరారు. అదే, రాక్షసబల్లి ఆకారంలో కొండ ఉంటుందే, దాని ముందు నిలబడి ఫొటో దిగకపోతే బాలి వెళ్లినట్టే కాదంటారే, అక్కడికి. నేను రానన్నాను. "పుట్టపాకల పుట్టినవ్, బాలికొచ్చినా మగ్గాలేనా?" అన్నాడు మా ఆయన. మగ్గాలే మరి.

పోచంపల్లి పేరు అందరూ వింటారు, తెలంగాణలోనే ఉన్న మా నేతగాళ్ల ఊరు పుట్టపాక పేరు చెప్తే ఎక్కడా అని అడుగుతారు. మా దగ్గర నేసే తేలియా రుమాల్ డబుల్ ఇక్కత్. పడుగునీ (నిలువు పోగులు), పేకనీ (అడ్డం పోగులు) రెండింటినీ ముందే లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులద్ది, తర్వాత మగ్గమెక్కిస్తారు. నేసేటప్పుడు పడుగు మీది మచ్చ మీద పేక మీది మచ్చ వచ్చి కూర్చోవాలి, పోగంత తప్పినా పువ్వు చెదిరిపోతుంది. ప్రపంచంలో ఈ పని చేసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుజరాత్‌లో పాటన్ పటోలా, మా తేలియా, జపాన్‌లో కొన్ని చోట్ల, ఇండోనేషియా అంతటికీ కలిపి బాలి తూర్పు కొసన ఈ ఒక్క ఊరు: తెంగానన్ పెగ్రింసింగన్. అంత దూరం వెళ్లి అది చూడకుండా వస్తే మా బాపుకి మొహం ఎలా చూపించను?

ఊరు కరంగాసెం జిల్లాలో, చందిదాస బీచ్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వెళ్తే కొండల మధ్య వస్తుంది. గేటు దగ్గరే బండి ఆపేయాలి. లోపల రాళ్లు పరిచిన వెడల్పాటి వీధి దక్షిణం నుంచి ఉత్తరానికి మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. అటూ ఇటూ ఇళ్లు, మధ్యలో పైకప్పు మాత్రమే ఉన్న పొడవాటి సభామండపాలు, వెదురు గంపల కింద పందెంకోళ్లు, ఎవరినీ లెక్కచేయకుండా తిరిగే గేదెలు. సగం ఇళ్ల ముందుగదులు షాపులే. మొదటి పది నిమిషాలు నాకు నచ్చలేదని ఒప్పుకుంటాను, మ్యూజియంలో జనం కాపురమున్నట్టు అనిపించింది.

ఊరు పుట్టిన కథ మాత్రం మనం తప్పకుండా వినాలి. పూర్వం బాలిని ఏలిన బెదహులు రాజు గుర్రం తప్పిపోయింది. దాని పేరు ఓంచెస్రవ. ఎక్కడో విన్నట్టుందా? మన ఉచ్చైశ్రవమే, కద్రువ, వినత తోక రంగు మీద పందెం కాసుకున్న గుర్రం. వెతకడానికి తూర్పుకు వెళ్లినవాళ్లకి అది చచ్చిపడి దొరికింది. ఆ కళేబరం వాసన ఎంత దూరం వస్తే అంత నేల మీదేనని రాజు మాటిచ్చాడు, కొలవడానికి ఒక అధికారిని పంపాడు. ఊరిపెద్ద ఆయన్ని వెంటబెట్టుకుని నడిచాడు, నడిచాడు, ఎంత నడిచినా వాసన తగ్గదు! పెద్దాయన బట్టల్లో గుర్రం మాంసం ముక్క దాచుకున్నాడు కాబట్టి. భూమి సర్వే ఇలా చేయించుకున్న తెలివి మన రియల్ ఎస్టేట్ వాళ్లకి కూడా రాలేదు.

ఈ ఊరికి పెద్ద దేవుడు ఇంద్రుడు. మన పురాణాల్లో ఎప్పుడూ సింహాసనం పోతుందని భయపడుతూ కనిపించే ఇంద్రుడే, ఇక్కడ మాత్రం యుద్ధ దేవుడు. ఏటా మే, జూన్ ప్రాంతంలో ఆయన పేరు మీద మగవాళ్లు ఒంటి మీద చొక్కా లేకుండా ముళ్ల మొగలి ఆకుల కట్టలతో ఒకరి వీపు ఒకరు గీరుకుంటారు. చేతిలో అల్లిన డాలు, చుట్టూ ఇనుప పలకల వాయిద్యాలు. గెలుపోటములుండవు, రక్తం కారాక పసుపు కలిపిన మందు రాసుకుని కలిసి భోజనం చేస్తారు. మేం వెళ్లింది ఆ రోజుల్లో కాదు కాబట్టి గోడకు వేలాడే డాళ్లు చూసి సరిపెట్టుకున్నాను.

నేను వెళ్లింది గ్రింసింగ్ కోసం కదా. అక్కడ డబుల్ ఇక్కత్ బట్ట పేరు అది. గ్రింగ్ అంటే జబ్బు, సింగ్ అంటే లేదు. కట్టుకున్నవాళ్లకి చెడు తగలదని నమ్మకం. ఒక ఇంటి అరుగు మీద నడివయసు ఆవిడ నేస్తూ కనిపించింది. మా గుంటమగ్గం లాంటిది కాదు, పడుగు ఒక కొస ఎదురుగా కట్టేసి ఉంటుంది, రెండో కొస ఆవిడ నడుముకే కట్టి ఉంటుంది. వెనక్కి వాలితే బిగుసుకుంటుంది, ముందుకు వంగితే వదులవుతుంది. అంటే మగ్గంలో సగం ఆవిడ ఒళ్లే. కాస్త నేస్తుంది, ముందుకు వంగి బిగువు వదులు చేస్తుంది, ఎముకతో చేసిన సన్నటి పుల్లతో ఒక్కో పోగునీ జరిపి మచ్చ మీద మచ్చ కూర్చోబెడుతుంది, మళ్లీ వాలుతుంది. నేను అక్కడున్న గంటసేపట్లో నేసిన బట్ట నా బొటనవేలంత కూడా లేదు.

పక్కన బుట్టలో నూలు చిలప ఒకటుంది. ముట్టుకోవచ్చా అని సైగ చేస్తే తలూపింది. తీసి వాసన చూశాను. అంతే, ఇంక కదల్లేదు.

తేలియా అన్న పేరే తేల్ నుంచి, నూనె నుంచి వచ్చింది. ఆముదం కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి నూలుని రోజుల తరబడి పిసికి ఎండేస్తే తప్ప ఎరుపు పట్టదు. చిన్నప్పుడు మా నాయనమ్మ ఆ నూలు పిసుకుతుంటే దగ్గరికెళ్తే "ముట్టకు బిడ్డా, చేతులు నూనెయితయ్, బడికివోవాలె" అనేది. తెంగానన్ బుట్టలోని నూలుదీ అచ్చం అలాంటి వాసనే, కాస్త మగ్గిన నూనె, కాస్త బూడిద. ఇక్కడ ఆముదం బదులు కెమిరి, అక్రోటులా గట్టి పెంకున్న గింజ. దాని నూనె, కట్టెల బూడిద నీళ్లు కలిపి నూలుని నెలకు పైగా నానబెడతారట.

ఆ కెమిరి కథ విన్నాక ఊరి మీద నా చిరాకు పోయింది. కెమిరీ, దురియన్ లాంటి కొన్ని చెట్ల కాయలు సొంత పొలంలో ఉన్నా కోయకూడదు. పండి రాలాలి, రాలినది ఎవరికి దొరికితే వాళ్లది. చెట్టు నరకాలన్నా ఊరి అనుమతి కావాలి, భూమి బయటివాళ్లకి అమ్మకూడదు. ఈ కట్టుబాట్ల పుస్తకం 1841లో కాలిపోతే 1842లో మళ్లీ రాసుకున్నారు. తాటాకు మీద గంటంతో గీసి అక్షరాలు నల్లగా కనపడటానికి రుద్దేది కూడా కాల్చిన కెమిరి గింజనే, నా పేరు అలా రాయించుకున్నాను. అన్ని కట్టుబాట్లూ ముద్దొచ్చేవి కావులెండి, బయటివాళ్లని పెళ్లి చేసుకుంటే ఊళ్లో స్థానం పోయేదన్నది విన్నప్పుడు మా అక్క పెళ్లి గొడవ గుర్తొచ్చింది.

ఇంకో వింత, నీలిమందు రంగు ఈ ఊళ్లో వేయకూడదు. కట్లు కట్టిన నూలుని పక్కనున్న బుగ్‌బుగ్ ఊరికి పంపి నీలం వేయించుకుని తెచ్చుకుంటారు. తర్వాత ఇక్కడ ఎరుపు. నీలం మీద ఎరుపు పడితే నల్లటి ఊదా. అదీ, ఎరుపూ, రంగు వేయని నూలు మీగడ రంగూ, మొత్తం మూడే రంగులు. ఎరుపులో ముంచడం, ఆరబెట్టడం, నెలలు ఆగడం, మళ్లీ ముంచడం. బట్ట చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ధర విని మొదట గుండె ఆగింది, కానీ పుట్టపాక దానిగా బేరమాడటానికి నోరు రాలేదు. చిన్న నడుముపట్టీ కూడా కొనలేకపోయాను.

ఆ ఎరుపుకి తొగరు చెట్టు వేళ్ల బెరడు వాడతారు. మన దగ్గర నోని జ్యూస్ అని సీసాల్లో అమ్ముతారే, ఆ చెట్టు. వేళ్లు ఎక్కడివని అడిగితే ఆవిడ పక్కనున్న కుర్రాడు సముద్రం వైపు చెయ్యి చూపించి "నుసా పెనిదా" అన్నాడు.

రాత్రి హోటల్లో మా ఆయన ఎండకి కమిలిన మొహంతో దిగాడు. "అక్కడ నోని చెట్లు చూసినవా?" అని అడిగాను. ఫోన్ నా చేతిలో పెట్టి, "నూట నలభై ఫొటోలున్నయ్, దేవులాడుకో" అన్నాడు.