కర్టెన్ అంచు

నిద్ర పట్టట్లేదు. లైటు ఆపమని ఈయన రెండుసార్లు విసుక్కున్నారు, ఆపేసి దుప్పట్లో దూరి టైప్ చేస్తున్నా.

మా వార్డులో వరసగా ఇద్దరు పేషెంట్లకి ఎంఆర్‌ఎస్‌ఏ (స్టాఫ్ అనే బ్యాక్టీరియాలో మందులకి లొంగని రకం) వచ్చింది. దాంతో ఇవాళ మా అందరి ముక్కుల్లో స్వాబ్‌లు పెట్టి తిప్పారు. తియ్యడం సరే, తీసిన పద్ధతికే ఒళ్ళు మండింది, దొంగల్ని నిలబెట్టినట్టు వరసలో నిలబెట్టడం, వెనకాల జూనియర్లు ఎవరిదై ఉంటుందే అని గుసగుసలు. అసలు పది మందిని పట్టుకుంటే దాదాపు ముగ్గురి ముక్కులో మామూలు స్టాఫ్ బ్యాక్టీరియా కాపురం ఉంటుంది (స్టాఫ్ ముక్కులో స్టాఫ్ అని మాకో పాత జోకు), మందులకి లొంగని రకం అంతకంటే తక్కువ మందిలో. ఉన్నవాళ్ళకి జ్వరం రాదు, చీముండదు, ఉన్నట్టే తెలీదు. తెలీనిదానికి నేరమేంటి? ఈ మాటే సూపర్‌వైజర్‌తో అంటే "రిపోర్ట్ రానీమ్మా" అంది. అమ్మా అట, నాకంటే చిన్నది!

ట్రైనింగ్‌లో మా పెద్ద సిస్టర్ గుర్తొచ్చింది. మేం చేతులు కడుక్కొచ్చి చూపిస్తే వేళ్ళ కొసలు, బొటనవేలు పట్టుకుని "ఇది ఎవరు కడుగుతారు, మీ అత్తగారా?" అనేది. పెళ్ళి కానివాళ్ళని కూడా అదే అడిగేది. శాండ్‌విచ్‌లా రెండు అరచేతులు రుద్దేసుకుని వచ్చేవాళ్ళం, బొటనవేళ్ళు పొడిగానే ఉండేవి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ బాలింతల వార్డుకొచ్చే డాక్టర్లని క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోమంటే చావులు బాగా తగ్గాయట, అయినా చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదట. పెద్దమనుషుల చేతులకి మురికేంటని. ఆవిడ ఇది చెప్తుంటే మేం ఎంత నవ్వామో.

ఇది రాస్తుంటేనే తట్టింది, పొద్దుట్నుంచీ నేను చేస్తోంది కూడా అదే కదా. నా ముక్కు ముట్టుకుంటే నాకు పౌరుషం.

సాయంత్రం ఏడో బెడ్ డ్రెస్సింగ్‌కి హ్యాండ్ రబ్ తీసుకుని ఇరవై సెకన్లు, బొటనవేళ్ళతో సహా రుద్దుకున్నాను. ఆ చేత్తోనే కర్టెన్ లాగాను. లాగి గ్లౌజులు తొడుక్కున్నాను. అప్పుడేం అనిపించలేదు, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే కళ్ళముందుకొచ్చింది, చెయ్యి పడే ఎత్తులో బెత్తెడు మేర నల్లబడిన ఆ కర్టెన్ అంచు. బెడ్ రెయిలింగ్ షిఫ్టుకోసారి తుడుస్తాం, టేబుల్ తుడుస్తాం, మరి దాన్నో? పొడిగా ఉన్నచోట కూడా ఆ క్రిమి వారాలు, ఒక్కోసారి నెలలు బతికేస్తుంది. వరసలో దాన్ని నిలబెట్టి స్వాబ్ తీసినవాళ్ళు లేరు.

అయినా నా ముక్కులోనే ఉందేమో, ఎవరు చూడొచ్చారు. ఉంటే ఐదు రోజులు ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ పూసుకుంటా, పోయేదేముంది.

కర్టెన్లు ఆఖరిసారి ఎప్పుడు ఉతికించారో పొద్దున్నే ఆయాని అడగాలి. సూపర్‌వైజర్‌ని మాత్రం అడగను.