ఎస్‌జేపీ రోడ్డులో లేజర్ లెవెల్ కొన్న కథ

ముందే చెప్తున్నాను. రెండు ఫోటో ఫ్రేములు, ఒక గోడ గడియారం తగిలించడమే మీ పని అయితే గోడ మీద మట్టంగా వెలుతురు గీత వేసే లేజర్ లెవెల్ జోలికి పోకండి, బుడగ ఉండే మామూలు స్పిరిట్ లెవెల్ చాలు. నాకెందుకు కావలసి వచ్చిందంటే, బెంగళూరు కేఆర్ పురంలోని మా ఫ్లాట్‌లో హాలు గోడ పొడవునా, దాదాపు పదకొండు అడుగులు, పుస్తకాల అరలు వేయాలి. ఒక్కో పలక మూడడుగుల లోపే. స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే ప్రతి పలకా మట్టంగానే ఉన్నట్టుంటుంది. కానీ బుడగలో కంటికి ఆనని తేడా అన్ని పలకల్లోనూ ఒకవైపే పోయిందంటే, చివరి పలక దగ్గరికొచ్చేసరికి బయటపడుతుంది. మేస్త్రీల నీళ్ల ట్యూబు దీనికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాకపోతే రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలి. మా ఆయన ఒక చేత్తో ట్యూబు, ఇంకో చేత్తో ఫోను పట్టుకునే రకం. కార్పెంటర్‌ని అడిగితే బిగింపు కూలీకే చెప్పిన రేటు విని, ఆ డబ్బుతో పనిముట్టే కొనుక్కోవచ్చని తేల్చేశాను.

ఏది కొనాలో తేల్చుకోవడం కష్టం కాలేదు. ఇంటి పనికి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు గీతలు చాలు. పన్నెండు లైన్లు, పదహారు లైన్లు అని అమ్మేవి ఫాల్స్ సీలింగ్, టైల్స్ పనివాళ్ల కోసం. నాలుగు గోడల మీదా ఒకేసారి గీత పడాలి వాళ్లకి. మనం గోడ తర్వాత గోడ చేసుకుంటాం. రంగు విషయానికొస్తే ఆకుపచ్చే తీసుకోండి. మన కంటికి 555 నానోమీటర్ల దగ్గరి వెలుతురు అన్నిటికంటే బాగా తెలుస్తుంది. పచ్చ లేజర్లు 520 చుట్టూ, ఎర్రవి 635 చుట్టూ ఉంటాయి కాబట్టి అదే పవర్‌కి పచ్చ గీత ఎంతో ప్రకాశంగా కనిపిస్తుంది. బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది, తిననివ్వండి. డబ్బా మీద పది మీటర్లకి 3 మిల్లీమీటర్ల తేడా అని రాసుంటే ఇంటి పనికి ఆ కచ్చితత్వం చాలు. బాష్, స్టాన్లీ లాంటి పెద్ద కంపెనీలవి నా బడ్జెట్‌కి పైన ఉన్నాయి. ఊరూ పేరూ లేని పచ్చ క్రాస్ లైన్లు, అంటే అడ్డం, నిలువు రెండు గీతలవి, నేను చూసినప్పుడు రెండు వేల నుంచి మూడున్నర వేల మధ్యలో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కాకుండా షాపులోనే కొందామనుకున్నాను, ఎందుకంటే చేతిలోకి తీసుకుని పరీక్ష పెట్టి చూడాలి.

మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ మారి గ్రీన్ లైన్‌లో కేఆర్ మార్కెట్. అక్కడి నుంచి ఎస్‌జేపీ రోడ్డుకి నడక. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, పని రోజు సెలవు పెట్టి వెళ్లండి.

మొదటి షాపు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పేరు రాయను. పెద్ద షాపు, రద్దీ బాగా ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి లేజర్ లెవెల్ అనగానే ఓనరు నా వెనక్కి తొంగి చూశాడు. "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. సార్ రాడు, నేనే కొంటాను అన్నాను. "ఇంటీరియర్ వాళ్లా?" కాదు, ఇంట్లో అరలు వేసుకోవాలి. అంతే, ఆయన దృష్టిలో నేను అయిపోయాను. పదహారు లైన్ల డబ్బా ఒకటి దించాడు. నేను రెండు లైన్లది అడిగితే, "ఇదే ఫాస్ట్ మూవింగ్ మేడమ్, మీకు అర్థం కాదు, తీసుకెళ్లండి" అన్నాడు. కుర్రాడు లైట్లు ఆపి దాన్ని ఆన్ చేశాడు. గోడలు, ర్యాకులు, సీలింగ్ అంతా పచ్చ గీతలు. చీకట్లో అగ్గిపుల్ల కూడా వెలుగుతుంది, అందులో గొప్పేముంది? పైగా వాడు దాన్ని చేత్తో తిప్పుతూ గీతని నా ముఖం మీదికి తెచ్చాడు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాను, లేజర్ క్లాస్ ఏమిటో ఎక్కడా లేదు. క్లాస్ 2 అయితే 1 మిల్లీవాట్ లోపు ఉంటుంది, పొరపాటున కంట్లో పడినా రెప్ప మూసుకునే పావు సెకనులో హాని జరగదని లెక్క. ఆ మాట కూడా రాయని వస్తువుని పిల్లలున్న ఇంటికి ఎలా తీసుకెళ్తాం?

సరే, ఇదే కంపెనీలో రెండు లైన్లది ఉంటే చూపించండి, ఒకసారి ఈ గోడ నుంచి ఆ గోడకి తిప్పి చెక్ చేసుకుంటాను అన్నాను. ఆయన నవ్వాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు కాంట్రాక్టర్ల వైపు తిరిగి, "మేడమ్ లేజర్‌ని చెక్ చేస్తారంట" అన్నాడు. వాళ్లూ నవ్వారు. తర్వాత నాకు పాఠం మొదలుపెట్టాడు. "లేజర్ అంటే లైట్ మేడమ్. లైట్ స్ట్రెయిట్‌గానే పోతుంది. అందులో చెక్ చేసేదేముంది?"

స్ట్రెయిట్‌గా పోతుంది సరే, మట్టంగా పోతుందా అని అడిగాను. వంకరగా పెట్టిన టార్చిలైట్ వెలుతురు కూడా తిన్నగానే పోతుంది. గీతని మట్టంగా ఉంచేది లేజర్ కాదు, లోపల వేలాడే చిన్న లోలకం. మూడు నాలుగు డిగ్రీల వరకు డబ్బా ఒరిగినా అది సర్దుకుంటుంది, అంతకు మించితే గీత మిణుకుమిణుకుమంటుంది. ఆ లోలకాన్ని ఫ్యాక్టరీలో సరిగ్గా అమర్చకపోయినా, లారీలో దబ్బున పడేసినా గీత ఒక పక్కకి వాలిపోతుంది. చూడ్డానికి మాత్రం అంతే తిన్నగా, అంతే పచ్చగా ఉంటుంది. ఇదంతా చెప్పాను. ఆయన విననే లేదు. నా మాట మధ్యలో డబ్బా లాక్కుని కుర్రాడికి ఇచ్చి, "సార్‌ని పంపించండి మేడమ్, మాట్లాడతాం" అని కాంట్రాక్టర్‌కి డ్రిల్ బిట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పర్సు తెరిచి పట్టుకుని అక్కడ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో కుళాయి వాషర్ దగ్గర నుంచి ఫ్యాన్ కెపాసిటర్ దాకా మార్చేది నేను. సార్‌కి స్క్రూడ్రైవర్ ఏ డ్రాయర్‌లో ఉంటుందో కూడా తెలియదు.

అన్నట్టు అదే షాపులో బిల్లు కావాలంటే 18 శాతం అదనం అని కూడా అన్నాడు. ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర. దాని మీద మళ్లీ జీఎస్టీ అడిగే చోట ఏదీ కొనకండి, మేకు కూడా.

రెండు సందులు దాటాక ఒక చిన్న షాపు, రైలు పెట్టెలా పొడుగ్గా ఉంది. కూర్చున్న పెద్దాయనది మదనపల్లె వైపు యాస. నేనేం అడుగుతున్నానో పూర్తిగా విని, "చూసుకోమ్మా, డబ్బులు నీవి" అన్నాడు. ఆ ఒక్క మాటకే అక్కడ కొనాలని నిశ్చయించుకున్నాను.

పరీక్ష ఇలా చేశాను. లెవెల్‌ని వాకిలి పక్క గోడకి దగ్గరగా స్టూలు మీద పెట్టి, గీత ఎక్కడ పడిందో గోడ మీద మాస్కింగ్ టేపు అంటించి పెన్సిల్ గుర్తు పెట్టాను. దాన్ని వెనక్కి తిప్పి, ఐదు మీటర్ల దూరంలో ఉన్న చివరి గోడ మీద ఇంకో గుర్తు. ఇప్పుడు లెవెల్‌ని ఆ చివరి గోడ దగ్గరికి మార్చి, గీత సరిగ్గా ఆ గుర్తు మీదే పడేలా ఎత్తు సర్దాను. స్క్రూల డబ్బాలు పేర్చి, చివరికి పెద్దాయన ఇచ్చిన విజిటింగ్ కార్డులు ఒక్కొక్కటే కింద దూర్చాను. తర్వాత మళ్లీ వాకిలి గోడ వైపు తిప్పి చూస్తే, గీత మొదటి గుర్తు మీదే పడాలి. పడకపోతే, కనిపించే ఎడం అసలు తప్పుకి రెండింతలు. డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం ఐదు మీటర్లకి తప్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు, కాబట్టి ఎడం 3 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకోవచ్చు.

మొదటి పీసుకి 8 మిల్లీమీటర్లు వచ్చింది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని స్కేలు తనే చదివాడు. అదే కంపెనీ, అదే మోడల్, అదే అట్టపెట్టెలోంచి ఇంకోటి తీయించాను. దానికి 2 కూడా రాలేదు. అప్పుడు ఇంకో పరీక్ష. దూరపు గోడ మీద గీత మధ్య భాగం పడ్డచోట గుర్తు పెట్టి, లెవెల్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పితే గీత చివర్లు కూడా ఆ గుర్తు మీదుగానే పోవాలి. అరలు వేసేవాళ్లకి ఇది మొదటి దానికంటే ముఖ్యం. ఇదీ నెగ్గింది. నిలువు గీతని, దారానికి నట్టు కట్టి వేలాడదీసి సరిచూశాను. మొదటి పీసుని పెద్దాయన పక్కన పెట్టి మీద ఇంటూ గుర్తు వేశాడు. రివ్యూల్లో ఈ మోడల్ మంచిదా, ఆ మోడల్ మంచిదా అని వెతికి లాభం లేదని నాకు అక్కడే అర్థమైంది. ఈ ధరలో మోడల్ కాదు, మీ చేతికొచ్చిన పీసు ముఖ్యం. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా రిటర్న్ గడువులోపు ఇంటి హాల్లో ఇదే పరీక్ష చేయండి.

బిల్లుతో సహా రెండు వేల ఆరువందలు. కెమెరా స్టాండుకి ఉండే పావు అంగుళం స్క్రూనే దీనికీ సరిపోతుంది కాబట్టి ట్రైపాడ్ కొనలేదు, మా అబ్బాయిది వాడాను.

అరలు ఎక్కాయి. మావి అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీట్ గోడలు, హ్యామర్ డ్రిల్ లేకపోతే కదలవు. గీతకి ఎప్పుడూ పై అంచునో కింది అంచునో ఒకదాన్నే పట్టుకుని గుర్తులు పెట్టండి, గీత మందమే మిల్లీమీటరు పైన ఉంటుంది. గోడలో వైర్లు ఎక్కడున్నాయో ఇది చెప్పదు, స్విచ్ బోర్డుకి నిలువుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి. ఒక్క చిక్కు వచ్చింది. పై అర మట్టంగానే ఉంది, బిల్డర్ పోసిన సీలింగే కిటికీ వైపుకి దిగి ఉంది. దాంతో చూసేవాళ్లకి అర వంకరగా ఉన్నట్టనిపిస్తుంది. మా ఆయనకి మొత్తం పనిలో కనిపించింది అదొక్కటే. సీలింగ్ మీద గీత వేసి చూపించాక మాట్లాడటం మానేశాడు.

పై ఫ్లాట్ అమ్మాయి అడిగితే ఇచ్చాను కానీ లోలకం లాక్ వేసి తిరిగివ్వమని గట్టిగా చెప్పాను. లాక్ వేయకుండా మోస్తే లోపల అది కొట్టుకుని ఆ 2 మిల్లీమీటర్లు కాస్తా 8 అవుతాయి. బాల్కనీలో బట్టల దండెం పైపులు ఇంకా మిగిలున్నాయి. పగటి ఎండలో అక్కడ గీత అసలు కనిపించదు, చీకటి పడ్డాక డ్రిల్ వేస్తే కింది ఫ్లాట్‌వాళ్లు ఊరుకోరు. అందుకని రాత్రి గీత వేసి పెన్సిల్ గుర్తులు పెట్టుకుని, మర్నాడు పదింటికి రంధ్రాలు వేద్దామనుకుంటున్నాను.