కత్తెరకు మొదటి బొట్టు

మహానవమి పొద్దున్నే మా నాన్న కుట్టుమిషను ముందు కూర్చునేవారు, కుట్టడానికి కాదు, శుభ్రం చేయడానికి. షటిల్ బయటికి తీసి, దాని కింద ఏడాదిగా పేరుకున్న నూలు పీచును పాత టూత్‌బ్రష్‌తో గీకి గీకి తీసేవారు. తర్వాత చిల్లు చిల్లుకీ రెండు చుక్కలు నూనె వేసి, ఉత్త పెడల్ తొక్కి, చప్పుడు చెవిపెట్టి వినేవారు. దసరా అంటే దర్జీకి ఊపిరాడని రోజులు. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు అరుగు మీదే కూర్చుని ఉండేవారు, అయినా ఆ ఒక్కరోజు మా ఇంట్లో మిషను తిరిగేది కాదు.

పూజలో బొట్టు మాత్రం మొదట మిషనుకు పెట్టేవారు కాదు. మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకునే పెద్ద కత్తెర ఒకటి ఉండేది, మమ్మల్ని కాగితం కూడా కోయనిచ్చేవారు కాదు దానితో. దాన్ని పీట మీద విడిగా పెట్టి, పసుపు రాసి, మొదటి కుంకుమ దానికి. ఎందుకు నాన్నా అని ఒకసారి అడిగితే, "కుట్టడం ఎవరైనా కుడతారమ్మా, నాకు ఇష్టం కట్టింగు" అన్నారు. అంతకుమించి చెప్పలేదు. గుడ్డను బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పెట్టే ముందు ఆయన ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణంలో ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టెస్టింగ్‌లో చేరి మేనేజర్ దాకా వచ్చాను. కొన్నేళ్ల కిందట మహానవమి రోజు ఇంట్లో అమ్మవారి ముందు లాప్‌టాప్ పెట్టి బొట్టు పెట్టబోతే చెయ్యి ఆగిపోయింది. ఆ లాప్‌టాప్ తెరిస్తే నాకు గుర్తొచ్చేది రిపోర్టులు, ఎస్కలేషన్లు, ఆదివారం రాత్రి పట్టుకునే టెన్షన్. దీన్ని నేను పూజిస్తున్నానా, దీనికి భయపడుతున్నానా అనిపించింది. బొట్టయితే పెట్టాను. మనసు మాత్రం పెట్టలేదు.

ఆ సాయంత్రం జమ్మిచెట్టు కథ చదువుతూ కూర్చున్నాను. మనందరికీ తెలిసిన కథే, పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచారు, అందుకే విజయదశమికి శమీపూజ, కాగితం మీద "శమీ శమయతే పాపం" శ్లోకం రాసి చెట్టుకు కట్టడం, తెలంగాణలో అయితే జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టడం. కానీ ఆయుధాలు దాచడానికి ముందు ఒక సంభాషణ ఉంది, దాన్ని మనం త్వరగా దాటేస్తాం. ధర్మరాజు ఒక్కొక్కరినీ అడుగుతాడు, విరాటుడి కొలువులో నువ్వు ఏ పని చేస్తావు అని.

రాజ్యం పోయింది, పన్నెండేళ్లు అడవిలో గడిచాయి, ఇప్పుడు పేరు కూడా మార్చుకుని ఏడాది పాటు ఒకరి దగ్గర ఊడిగం చేయాలి. అలాంటప్పుడు ఎవరైనా ఏమంటారు? ఏదో ఒకటి, రోజులు గడిస్తే చాలు అంటారు. భీముడు అలా అనలేదు. వంటవాడిగా చేరతాను, ఇంతకుముందు వండినవాళ్లను మించి వండి రాజును మెప్పిస్తాను అన్నాడు. అర్జునుడు ఇంద్రలోకంలో నేర్చుకున్న ఆటపాటలు అంతఃపురంలో నేర్పుతానన్నాడు. నకులుడి వంతు వచ్చేసరికి ధర్మరాజుకు మనసు ఒప్పలేదు, సుకుమారుడివి, సుఖానికి అలవాటుపడినవాడివి, నువ్వేం చేస్తావు నాయనా అన్నాడు. నకులుడు గుర్రాలశాలలో చేరతానన్నాడు, "కర్మైతత్ సుప్రియం మమ" అన్నాడు. ఈ పని నాకు ఎంతో ఇష్టం. గుర్రాలంటే నాకు ఎప్పుడూ ప్రీతే అని కూడా కలిపాడు. సహదేవుడు ఆవుల గురించి అదే ప్రేమతో చెప్పాడు.

ఇది చదువుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లకు ఎంచుకోవడానికి మిగిలింది ఎంత? అంత కొంచెంలో కూడా ఇష్టమైనదాన్ని వెతుక్కున్నారు. రాజకుమారులమన్న నామోషీ లేకుండా గరిటె పట్టారు, గుర్రాలను తోమారు.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో రెండు శ్లోకాలు పక్కపక్కనే ఉంటాయి. 45వ శ్లోకం "స్వే స్వే కర్మణ్యభిరతః సంసిద్ధిం లభతే నరః" అంటుంది, 46వది "స్వకర్మణా తమభ్యర్చ్య సిద్ధిం విందతి మానవః" అంటుంది. రెండోది చాలామంది చెబుతారు, నీ పనితోనే దేవుణ్ణి అర్చించు అని, ఆఫీసుల్లో బోర్డుల మీద కూడా రాస్తారు. నాకు మాత్రం ముందు శ్లోకంలోని "అభిరతః" అన్న మాట దగ్గరే మనసు ఆగింది. ఇష్టంగా మునిగినవాడు అని కదా అర్థం. పనిని పువ్వుగా సమర్పించమని చెప్పేముందు, ఆ పువ్వు నీకు ప్రీతిగా ఉందా అని అడిగినట్టుంది. వాడిపోయిన పువ్వు తెచ్చి అమ్మవారికి పెడతామా?

ఈ శ్లోకాలను పుట్టుకతో ముడిపెట్టి, ఫలానా ఇంట్లో పుట్టావు కాబట్టి ఫలానా పనే చెయ్యాలని చెప్పినవాళ్లున్నారు, ఇప్పటికీ ఉన్నారు. దర్జీ కూతురిగా నేను ఆ మాట ఒప్పుకోను. అక్కడే 41వ శ్లోకం స్వభావం నుంచి పుట్టిన గుణాలు అంటుంది, నేను దాన్నే పట్టుకుంటాను. మా నాన్న స్వభావం కత్తెరలో ఉంది. నాది ఎక్కడుందో నేనే వెతుక్కోవాలి.

ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. ద్రౌపది కూడా తనకు బాగా వచ్చిన పనినే ఎంచుకుంది, సైరంధ్రిగా చేరి రాణికి జడలు అల్లింది. పని తెలుసు, మనసుపెట్టి చేసింది, అయినా పది నెలలు గడిచాక కీచకుడు వచ్చాడు. విరాటుడి సభలో ఆమె ఏడుస్తూ న్యాయం అడిగింది, దొరక్కపోతే భీముడి దగ్గరికి వెళ్లి నిలదీసింది. పని ఇష్టమైతే చాలు, మిగతాదంతా కర్మ అని ఓర్చుకో అని ఆడపిల్లలకు చెప్పే పెద్దలు ఈ భాగం మళ్లీ చదవాలి. పని పూజే కావచ్చు, అవమానాన్ని మింగడం మాత్రం పూజ కాదు.

నా సంగతికొస్తే, ఆ రాత్రి నన్ను నేను అడిగాను, ఈ పదకొండేళ్లలో గడియారం చూడకుండా చేసిన పని ఏమిటి అని. జవాబు వెంటనే వచ్చింది. కొత్తగా చేరిన పిల్లల పక్కన కూర్చుని, తప్పు ఎక్కడ దాక్కుంటుందో చూపించడం. వాళ్లు అడిగే సందేహాలు రాసుకునే ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది నా దగ్గర, అట్ట ఊడిపోయింది, అయినా పారేయలేదు. నేను ఉద్యోగం మానలేదు, అప్పులున్నాయి, మానే ధైర్యం కూడా లేదు. పై ఆఫీసరు దగ్గరికెళ్లి, కొత్త బ్యాచ్ ట్రైనింగ్ నాకివ్వండి అని అడిగాను, అంతే. మొదటిసారి కుదరదన్నారు, రెండోసారి కూడా అంతే, మూడోసారి వారానికి రెండు రోజులు ఇచ్చారు. మిగతా రోజుల్లో రిపోర్టులు అలాగే ఉన్నాయి. ట్రైనింగులోనూ విసుగు ఉంది, ఒకే మాట పదిసార్లు చెప్పాల్సి వస్తుంది. నిప్పును పొగ కప్పినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కప్పే ఉంటుందని గీత అదే అధ్యాయం 48వ శ్లోకంలో కృష్ణుడే చెప్పాడు కదా. కానీ ఆ రెండు రోజుల వల్ల ఆదివారం రాత్రుళ్లు మారాయి.

పోయిన మహానవమికి పీట మీద లాప్‌టాప్ పక్కన ఆ నోట్‌బుక్ పెట్టాను, మొదటి బొట్టు దానికి. నాన్న వీడియో కాల్‌లో చూస్తూ, "అదేంటమ్మా, పుస్తకానికి పెట్టావు, సరస్వతీ పూజ అయిపోయింది కదా" అన్నారు. చెప్పాను. "అందులో ఏం రాస్తావు, ఒకటి చదువు" అన్నారు. మొన్న చేరిన అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటి చదివి వినిపించాను. సాఫ్ట్‌వేర్ సంగతి ఆయనకు ఒక్క ముక్క తెలియదు, అయినా చివరిదాకా విన్నారు. చూపు తగ్గి కుట్టడం మానేశారు కానీ, ఆయన వెనక పీట మీద కత్తెర ఉంది, కొత్తగా సాన పట్టించినట్టుంది, అంచు మెరుస్తోంది.