మూడు గిర్రల హోండా వెనక షాక్: నా అనుభవం

వెనక సస్పెన్షన్, అంటె కుదుపులు ఆపే షాక్, దాని లింకుల పని మొత్తం అయిపోయింది. బండి ఇయ్యాల పొద్దున బత్తాయి తోటంతా తిరిగొచ్చింది, షాక్ కింద ఒక్క చుక్క ఆయిల్ లేదు. సంతోషమే, కానీ కోపం ఇంకా చల్లారలే. అందుకే మర్చిపోకముందే రాస్తున్న. పాత బండ్ల మీద ప్రేమ ఉన్నోళ్లకు పనికొస్తది.

బండి హోండా ఏటీసీ (ఆల్ టెరైన్ సైకిల్, ఎటువంటి నేల మీదనైనా తిరిగే బండి) 250ఆర్, 1985 మోడల్. టూ స్ట్రోక్, నీళ్లతోని చల్లబడే ఇంజను, ముందొకటి వెనక రెండు లావు టైర్లు. మన దగ్గర షోరూముల దొరికిన బండి కాదు. హైదరాబాద్‌ల షూటింగులకు బండ్లు కిరాయికిచ్చేటాయన గోదాము ఖాళీ చేస్తుంటే తుక్కు లెక్కన కొనుక్కొచ్చిన. కాయితాలు లేవు, రోడ్డెక్కదు, నేను ఎక్కించను. దేవరకొండ దిక్కు మా చెల్క, తోట, ఆ రెండింటి నడుమ బండ్ల బాట, అంతవరకే దాని తిరుగుడు.

వెనక షాక్ కోసం ఇంత తండ్లాట ఎందుకని మా ఇంట్ల గూడ అడిగిన్రు. హోండా 1970ల మొదటి 90 సీసీ ఏటీసీ తెచ్చినప్పుడు దానికి షాకులే లేవు. గాలి తక్కువ పెట్టిన బుగ్గ టైర్లే స్ప్రింగులు. టైరు ఎగరేస్తది గానీ ఎగిరినదాన్ని ఆపలేదు. 1981ల 250ఆర్ వచ్చినప్పుడు ముందు, వెనక సస్పెన్షన్ పెట్టిన్రు, ఈ బండి గొప్పతనమంతా అక్కడున్నది. వెనక షాక్ పాడైతే ఇది గట్టు దిగంగనే ఎగిరెగిరి పడ్తది, మూడు గిర్రల మీద ఎగిరే బండి మనిషిని కింద పడేస్తది. అమెరికాల దెబ్బలు తాకినోళ్లు, సచ్చిపోయినోళ్లు మస్తుమంది అయ్యేసరికి 1988ల కంపెనీలు అక్కడి సర్కారుతోని ఒప్పందం చేసుకొని మూడు గిర్రల బండ్ల అమ్మకం ఆపేసినయి. మా తోటకొచ్చే పిల్లలు ఎంత బతిమాలినా నేను ఎక్కనియ్య. మీరు గూడ ఎక్కనియ్యకున్రి.

విప్పుడు సులువుగనే అయింది. వెనక ఇరుసును మోసుకుంట పైకి కిందికి ఆడే స్వింగ్ ఆర్మ్ బోల్టు ఒక్కటి జంగు పట్టి మొండికేసింది. రాత్రంతా డీజిల్ల నానబెట్టి, పొద్దున ఇత్తడి కడ్డీ ఆనిచ్చి కొడితే వచ్చింది. ఇనుప సుత్తెతోని నేరుగ కొడితే బోల్టు కొస పుట్టగొడుగు లెక్క విచ్చుకుంటది, ఇగ ఆ బొక్కలకెల్లి బయటికి రాదు. యాక్సిల్‌కు, అంటె ఇరుసుకు, రెండు పెద్ద నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి ఉంటయి. లోపలిదాన్ని ఒక పానాతోని పట్టుకొని బయటిది ముందు విప్పాలె. ఈ బండికి డిఫరెన్షియల్ (రెండు గిర్రలను వేరువేరు వేగంతోని తిరగనిచ్చేది) లేదు, రెండు గిర్రలు ఒక్క ఇరుసు మీదనే కలిసి తిరుగుతయి. అందుకే యాక్సిల్ బేరింగులు ఎట్లున్నా మార్చేసుడు మంచిది.

లింకుల పని గూడ చెప్పాలె. షాక్ కింది కొస నేరుగ స్వింగ్ ఆర్మ్‌కు ఉండదు, నడుమ లింకులుంటయి. హోండావాళ్లు ప్రో-లింక్ అంటరు. గిర్ర ఎంత పైకి లేస్తే షాక్ అంత గట్టిపడుతది, చిన్న గుంతకు మెత్తగ, పెద్ద గుంతకు గట్టిగ పనిచేస్తది. ఆ లింకులు బండి కింద బురదల ఉంటయి. మావాటిల నీడిల్ బేరింగులల్ల సూదుల లెక్క ఉండే సన్నటి రోలర్లు ఎర్రటి పొడై రాలినయి. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) పెట్టి లోపలి కొలత, బయటి కొలత, వెడల్పు రాసుకొని సికింద్రాబాద్‌ల రాణీగంజ్ పోయిన. హోండా పేరు ఎత్తనే లేదు, కొలతలు మాత్రమే చెప్పిన. అన్నీ దొరికినయి. బేరింగు లోపల ఉండే కాలర్లు (చిన్న గొట్టాలు) మాత్రం మా ఊరి లేత్ షాపుల బేరింగులకు వాడే ఈఎన్31 ఇనుముతోని తిప్పించి, గట్టిపరిపించి, గ్రైండింగ్ చేపిచ్చిన. మామూలు మైల్డ్ స్టీలుతోని చేస్తమంటే ఒప్పుకోవద్దు, కొన్నాళ్లకే సూదులు దాని మీద గీతలు కోస్తయి. కొత్త బేరింగులను సుత్తెతోని కొట్టకుండ వైస్‌ల పెట్టి మెల్లగ నొక్కి ఎక్కించిన.

ఇగ అసలు కథ షాక్‌ది.

ఈ షాక్‌కు పక్కన చిన్న డబ్బా ఉంటది. దాంట్ల రబ్బరు తిత్తి, తిత్తిల నైట్రోజన్ గ్యాసు. గ్యాసు ఒత్తిడి ఆయిల్‌ను నురగ కానియ్యదు. అది నల్గొండల చేసేటోళ్లు ఉండరేమోనని సిటీల పేరున్న షాపుకు తీస్కపోయిన. పెద్ద బోర్డు, గోడ నిండ రేసు బండ్ల ఫోటోలు. కౌంటర్ మీదున్నాయన షాక్‌ను అటిటు తిప్పి చూసి, "ఎక్కడిది ఇది?" అన్నడు. నల్గొండ అని చెప్పిన. "నల్గొండల దీంతోని ఏం జేస్తరు, బత్తాయిలు మోస్తరా?" అన్నడు. అక్కడ ఖరీదైన బండ్లోళ్లు నలుగురైదుగురున్నరు, అందరు నవ్విన్రు. మా నాయన బత్తాయిలమ్మే నన్ను చదివిచ్చిండు. అందుల నవ్వడానికి ఏమున్నదో నాకు ఇప్పటికీ అర్థం కాలే. పని కావాలె గాబట్టి మింగుకొని, సీళ్లు (ఆయిల్ కారకుండ ఆపే రింగులు) మార్చాలె, ఆయిల్ మార్చాలె, గ్యాసు నింపాలె అని మూడు ముక్కలు రాసిచ్చిన. షాక్ లోపలికి బయటికి జారే రాడ్డు అద్దం లెక్కనే ఉన్నదని చూపించి, ఫోటో తీసుకొని మరీ ఇచ్చిన.

వారమన్నడు. తర్వాత ఫోన్ చేస్తే "రేపు". మల్ల చేస్తే "మా మేస్త్రీ ఊరికి పోయిండు". ఆఖరికి చేతికిచ్చేటప్పుడు స్ప్రింగుకు కొత్త రంగు, డబ్బాకు కొత్త స్టిక్కరు, ఒంటికి పాలిష్. పైసలు నేను ఒప్పుకున్నదానికంటె ఎక్కువ తీసుకున్నడు. తెచ్చి బిగించి తోట ఒక్క చుట్టు తిరిగొచ్చేసరికి స్వింగ్ ఆర్మ్ మొత్తం నూనె. డబ్బా మీది వాల్వు పిన్ను నొక్కి చూసిన. చప్పుడే లేదు, లోపల గ్యాసే లేదు.

మల్ల పోయిన. అదే కౌంటర్, అదే మనిషి. "మీ ఊర్ల ఫిట్టింగ్ తప్పు చేసిన్రు" అన్నడు. గ్యాసు లేకపోవుడు ఫిట్టింగ్‌తోని ఎట్లయితదని అడిగితే జవాబు లేదు. "నలభై ఏండ్ల బండికి గిట్లనే ఉంటది, పోయి కొత్తది కొనుక్కో" అని షాక్‌ను నా దిక్కు నెట్టిండు. కొత్తది ఎక్కడున్నది? ఈ బండి తయారీ 1986తోనే ఆగిపోయింది. అంతమంది ముంగట ఆ నూనె కారే షాక్‌ను పాత పేపర్ల చుట్టుకొని బయటికొచ్చిన. చిట్యాల దాకా బస్సుల ఎవరితోని మాట్లాడలే.

ఇంటికొచ్చి నేనే విప్పిన. ముందు వాల్వు నొక్కి ఒత్తిడి సున్నా చేసుకోకుండ ఎవరూ విప్పొద్దు, లోపలిదాన్ని పట్టుకునే రింగు, సర్క్లిప్పు, తూటా లెక్క వస్తది. లోపల సీల్ కొత్తదే. ఆయిల్ గూడ పోసిన్రు. మరి కారుడెందుకు? మల్లొక సీల్ కిట్టు బయటి దేశం నుంచి తెప్పించి ఏసిన, అదీ కారింది. ఏం చేయాలెనో తోచలే.

మిర్యాలగూడ పోయే తొవ్వల జేసీబీ, ట్రాక్టర్ జాకీలకు సీళ్లు మార్చే చిన్న షెడ్డొకటి ఉన్నది. బోర్డు గూడ సక్కగ లేదు. రైస్ మిల్లుల పనీ, బోర్ బండ్ల పనీ అక్కడికే వస్తది. ఆ కాకకు రాడ్డు ఇచ్చిన. ఆయన సీల్ దిక్కు చూడనే లేదు. గుడ్డతోని రాడ్డు తుడిచి, కండ్లు మూసుకొని, బొటనవేలి గోరు పెట్టి పైనుంచి కిందికి మెల్లగ గీసుకుంట వచ్చిండు. కింద బంప్ రబ్బరు (షాక్ పూర్తిగ నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపేది) దగ్గర గోరు ఆగింది. రబ్బరు పక్కకు జరిపి, "ఇగో చూడు తమ్మీ" అన్నడు.

పకడు (ప్లయర్) పండ్ల గుర్తులు. నాలుగు గాట్లు, సమానంగ, ఒకదాని పక్కన ఒకటి. రాడ్డు మీది క్రోము పూత లేసి అంచులు పైకి నిక్కపొడుచుకొని ఉన్నయి. రాడ్డును పకడుతోని పట్టుకొని తిప్పి, గుర్తులు కనపడకుండ రబ్బరు జరిపి కప్పిన్రు. షాక్ పూర్తిగ నొక్కుకున్నప్పుడల్లా ఆ అంచులు సీల్‌ను కోస్తున్నయి. "సీల్‌ది తప్పు లేదు తమ్మీ, రాడ్డు కరుస్తున్నది" అన్నడు కాక. నా ఫోన్ల పాత ఫోటో తీసి చూసుకున్న. ఆ జాగల అప్పుడు గీత గూడ లేదు.

ఆ ఫోటో సిటీ షాపుకు పంపిన. చూసిన్రు, మాట్లాడలే. షాక్ ఎవరికిచ్చినా రాడ్డు ఫోటో తీయకుండ ఇయ్యకున్రి. రసీదు మీద "షాక్ 1" అని రాస్తే ఒప్పుకోకున్రి, రాడ్డు మంచిగున్నదని రాపిచ్చుకోన్రి.

బాలానగర్ దిక్కు హార్డ్ క్రోమ్ చేసేకాడికి కాకనే చీటీ రాసి పంపిండు. పాత క్రోము తీసి, కొత్తది ఎక్కించి, పాత కొలతకు గ్రైండ్ చేసి ఇచ్చిన్రు. ప్లేటింగ్ అయినంక రాడ్డును కొన్ని గంటలు వేడిల పెట్టాలె, లేకుంటె లోపల చేరిన హైడ్రోజన్‌తోని ఉక్కు పెళుసు అయితది. కాక చీటీల ఆ ముక్క గూడ రాసిండు. ఆయన ఏ కాలేజీల చదవలే.

ఆయిల్ నింపుడు ఓపిక పని. ఇంజన్ ఆయిల్ పనికిరాదు, పల్చటి షాక్ ఆయిలే పొయ్యాలె. రాడ్డును మెల్లగ పైకి కిందికి ఆడిచ్చుకుంట, డబ్బాను చెక్కతోని తట్టుకుంట, బుడగలు ఆగేదాక కూసోవాలె. గాలి మిగిలితే మొదటి ఇంచు షాక్ పట్టు లేకుండ జారుతది.

గ్యాసుకు పెట్రోల్ బంకుల నైట్రోజన్ చాలదు, అది టైర్ల ఒత్తిడి వరకే. ఇటువంటి షాకులకు 10 బార్ దరిదాపుల ఒత్తిడి కావాలె. వెల్డింగ్ షాపాయన ఆక్సిజన్ సిలిండర్ ఉన్నదన్నడు. అస్సలొద్దు. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్ నూనెకు తగిలితే పేలుతది, మనిషి మిగలడు. నాకు నల్గొండల ఏసీ మెకానిక్ తమ్ముడు దొరికిండు. ఏసీ పైపులు లీకు చూసేందుకు వాళ్ల దగ్గర నైట్రోజన్ సిలిండరు, రెగ్యులేటరు ఎప్పుడూ ఉంటయి. టైరు వాల్వుకు సరిపోయే మూతి ఒకటి పైపుకు తగిలిస్తే ఐదు నిమిషాల పని. "ఇంతేనా అన్నా?" అన్నడు. నింపినంక మల్ల గేజీ పెట్టి చూడొద్దు. తిత్తిల ఉండే గ్యాసే తక్కువ, గేజీ పెట్టంగనే ఒత్తిడి పడిపోతది.

బిగించినంక స్ప్రింగ్ సర్దుకున్న. మనిషి కూసుంటే వెనక గిర్ర పైకి కిందికి ఆడే మొత్తం దూరంల మూడోవంతు బండి దిగాలె, అంతకంటె ఎక్కువ దిగితే స్ప్రింగ్ బిగించాలె. టైర్లల గాలి రెండు, మూడు పీఎస్ఐ దరిదాపులనే ఉండాలె. పంక్చర్ షాపోళ్లకు ఆ మాట ఎక్కదు, ముప్ఫై కొడ్తరు, అప్పుడు ఎంత మంచి షాక్ ఉన్నా బండి ఎగురుతది. నేను సైకిల్ పంపుతోనే కొట్టుకుంట.

కాకకు పైసలిస్తే తన కూలి మాత్రమే తీసుకున్నడు. మిగిలినయి వాపసు ఇచ్చి, "బండి తోలుకొనిరా, చూస్త" అన్నడు. రోడ్డెక్కియ్యను గదా, ఈ ఆదివారం ఆయన్నే తోటకు పిలిచిన. ముందు గిర్రను పట్టుకునే ఫోర్కుల సీళ్లు గూడ తడిగున్నయి, వచ్చినప్పుడు అవి చూపిస్త.