ముత్తాత కోసం నరసాపురం

నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగేసరికి తెల్లారింది. మేనత్త స్టేషన్ బయట ఆటోలో కూర్చుని ఉంది, ఒళ్లో కొవ్వొత్తుల పొట్లం. మర్నాడు నవంబరు 2, సమాధుల పండుగ.

"ఒరేయ్, ఫోన్‌లో మా తాత సమాధి దొరికిందన్నావు, నిజమేనా?"

దొరికిందనే అనుకున్నాను. ఫైండ్ ఎ గ్రేవ్ అనే వెబ్‌సైట్ 1995 నుంచి ఉంది. ఓపికున్నవాళ్లు తమ దగ్గర్లోని సమాధుల ఫొటోలు తీసి, రాళ్ల మీది పేర్లు, తేదీలు అందులో ఎక్కిస్తుంటారు. బిలియన్ గ్రేవ్స్ యాప్‌లో అయితే ఫొటోతోపాటు జీపీఎస్ గుర్తు కూడా పడుతుంది. దొరలని వెతకడం తేలిక. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ లాంటి వాళ్ల పేర్లకి స్పెల్లింగ్ గొడవ లేదు. మా ముత్తాత పేరు చివర రత్నం ఉంది. ఆ ఒక్క మాటనే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరేమో ముందు పొడి అక్షరంగా మిగులుతుంది. రెండు వారాలు అన్ని రకాలుగా కొట్టి చూస్తే ఒక్క రాయి తగిలింది. మరణం 1931. ఆనందం పట్టలేక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

సమాధుల తోటలో పండుగ హడావుడి. ఎవరికి వాళ్లు తమ సమాధులకి సున్నం కొడుతున్నారు. ఏటా కొట్టే ఆ సున్నమే అక్షరాల్లోకి దిగి పేర్లని మింగేస్తుందని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఫోన్‌లోని ఫొటో చూపిస్తే తోట చూసుకునే పెద్దాయన నేరుగా ఆ రాయి దగ్గరికే తీసుకెళ్లాడు.

అత్త కొబ్బరి పీచుతో రుద్దబోయింది. వద్దన్నాను. పాత పాలరాయిని రుద్దితే ఉన్న అక్షరాలూ పోతాయి. నీళ్లు పోసి, ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేశాను. గుంటల్లో నీడ పడి అంకెలు తేలాయి. 1931 కాదు, 1937. అంకె కొస అరిగిపోవడంతో ఎక్కించిన మనిషి ఏడుని ఒకటి అనుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను, నేనూ అలాగే చదివాను కదా!

అసలు దెబ్బ కింద ఉంది. రాయి సగం మట్టిలో కూరుకుపోయింది.

"ఆయ్, ఎనభై ఆరు వరదకి ఒండ్రు మేటేసిందండి," అన్నాడు పెద్దాయన.

చేత్తో తవ్వితే తెలుగు అక్షరాలు బయటపడ్డాయి. "స్వగ్రామం బందరు." మాది నాలుగు తరాలుగా మొగల్తూరు. ఫొటోలో ఉన్నది పైన ఇంగ్లీషు ముక్క మాత్రమే. ఈ మనిషి ఎవరో గాని, మా ముత్తాత కాదు.

చర్చిలో సమాధుల రిజిస్టరు అడిగాం. రాయి లేనివాళ్ల పేర్లు కూడా అందులో ఉంటాయి గనక నిజానికి ముందు చూడాల్సింది అదే. చెదలు తినగా మిగిలింది 1950ల నుంచే.

"మీ మామ్మ దగ్గరికి పద," అంది అత్త, ఇంక చాలన్నట్టు. మామ్మ పలక మీద 1984 అని స్పష్టంగా ఉంది. అత్త ఆ పలక పక్కన సున్నం కొట్టిన ఇటుకల వరస చూపించింది. "మా తాత ఇక్కడే. 'మావయ్య గారి పక్కనే నన్ను పెట్టండి' అని అమ్మ చెప్పి మరీ పోయింది. ఇన్నేళ్లూ ఇక్కడే ఒక కొవ్వొత్తి ఎక్కువ వెలిగిస్తున్నాం గదా, నువ్వెప్పుడైనా అడిగావా?"

అడగలేదు.

అక్కడే కూర్చుని మామ్మ పేరున కొత్త పేజీ తెరిచి, ఫొటో పెట్టి, జీపీఎస్ గుర్తు వేశాను. పక్కన మావగారు ఉన్నారనీ, చెప్పింది ఆవిడ కూతురనీ రాశాను. ముత్తాత తేదీ గడి ఖాళీగానే వదిలేశాను. 1937 అని పాత పేజీకి సవరణ పంపాను.

సాయంత్రం పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లిలో చిన్నాన్న గారింటికి వెళ్లాం. గుమ్మంలోనే ఫ్లెక్సీ. పూలదండ మధ్యలో మా ముత్తాత పేరు, దాని కింద ఎర్రటి అంకెల్లో 1931.