మాత్రలు మొదలయ్యాకే కళ్లు మసకబారాయి

మా వైపు షుగర్ కొత్తేమీ కాదు. మా నాయనకు ఉంది, పెద్దక్కకు ఉంది. అందుకే ఉగాది అయ్యాక చేయించిన పరీక్షలో నాకూ ఉందని తేలితే ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. పరగడుపున 214, హెచ్‌బీఏ1సీ 10.2. అంటే గత రెండు మూడు నెలల్లో షుగర్ సగటున 245 దాకా ఉన్నట్టు లెక్క అని డాక్టరమ్మ చెప్పింది. దాహం, రాత్రిళ్లు ఊరికే బాత్రూమ్‌కి లేవడం, జాకెట్లు వదులైపోవడం, అన్నీ దానివల్లేనట. టైప్ టూ అని రాసి, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మొదలుపెట్టింది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలైంది.

కడుపు సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నదే. మొదట్లో ఉబ్బరం, విరేచనాలు. మాత్ర అన్నంతో పాటే వేసుకోమన్నారు, మెట్‌ఫార్మిన్‌ని నెమ్మదిగా కరిగే రకానికి మార్చారు. సర్దుకుంది.

కళ్లు అలా కాదు. నేను తిరుపతి కొర్లగుంటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నలభై నాలుగేళ్లొచ్చినా అద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కిస్తానని కస్టమర్లు మెచ్చుకునేవాళ్లు. మాత్రలు వేసుకోవడం మొదలైన రెండో వారంలో ఒక సాయంత్రం నల్ల జాకెట్‌కి హుక్స్ కుడదామని కూర్చున్నాను. సూది బెజ్జం కనపడలేదు. లైటు కిందికి వెళ్లాను, దారం కొస తడిపాను, తెల్ల కాగితం వెనక పెట్టి చూశాను. బెజ్జం ఉండాల్సిన చోట ఏదో మసక. టేపు మీద అంకెలూ అంతే, ఆరో ఎనిమిదో తెలీదు. విచిత్రం ఏంటంటే, వీధి చివర మెడికల్ షాపు బోర్డు మాత్రం మునుపటికన్నా స్పష్టంగా కనిపిస్తోంది.

షుగర్ వస్తే కళ్లు పోతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి సలహాలు మొదలు. "ఇంగ్లీషు మాత్రలు వేడి చేస్తాయి, మానెయ్యి, నేలవేము తాగు" అని పక్కింటి వదిన. పొడపత్రి ఆకు నమలమని మా అత్త. నాకూ అనుమానం మాత్రల మీదే. మాత్రలు లేనప్పుడు బాగున్న చూపు, మాత్రలొచ్చాక పోయింది, ఇంక వేరే ఏమనుకోవాలి? అయినా మానకుండా ముందు డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "మాత్ర ఆపొద్దు, కంటి పరీక్ష ఎలాగూ చేయించాలి, ఈ వారమే వెళ్లు" అంది. టైప్ టూ అని తేలగానే ఒకసారి రెటీనా, అంటే కంటి వెనక పొర, చూపించుకోవాలట, ఎందుకంటే షుగర్ ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలీదు.

అరవింద్ కంటి ఆసుపత్రికి వెళ్లాం. చుక్కలు వేసి కూర్చోబెడితే కంటిపాప పెద్దదై ఎండలోకి కళ్లు తెరవలేం. కొన్ని గంటలు బండి నడపకూడదు, మనిషిని తోడు తీసుకెళ్లండి. రెటీనా శుభ్రంగా ఉందన్నారు. మరి ఈ మసకేంటి అని అడిగితే అక్కడి డాక్టరు చెప్పిన మాటలు నా భయాన్ని సగం తీసేశాయి. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ కంట్లో లెన్స్ ఉబ్బి దాని పవర్ మారుతుంది. దగ్గరివి బాగా కనపడి దూరానివి మసకబారతాయి. మందుతో షుగర్ దిగగానే లెన్స్ అటు నుంచి ఇటు మారుతుంది, అప్పుడు దగ్గరి చూపు తగ్గుతుంది. కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు అద్దాలు చేయించొద్దు, డబ్బు దండగ అన్నారు. అంటే ఇన్నాళ్లూ నేను గొప్పగా చెప్పుకున్న చూపు షుగర్ పెట్టిన భిక్షే. చత్వారం ఎప్పుడో వచ్చింది, షుగర్ దాన్ని దాచిపెట్టింది.

ఆ కొన్ని వారాలు పెళ్లిళ్ల సీజన్. ముదురు రంగు జాకెట్లు పక్కన పెట్టాను, మిషన్ కుట్లు నేనే వేసి, హెమ్మింగ్, హుక్స్ మా ఆడపడుచు కూతురికి ఇచ్చాను. ఒకరిద్దరు కస్టమర్లు వేరే చోటికి వెళ్లారు. నెలన్నరకి చూపు ఒక చోట ఆగింది, మామూలు చత్వారం అద్దాలు రాయించుకున్నాను.

ఈ మధ్యలోనే వణుకు. సాయంత్రాలు ఉన్నట్టుండి గుండె దడ, చెమట, చేతులు వణకడం. మొదటిసారి మా అత్త చక్కెర నీళ్లు కలిపేసింది కూడా. మీటర్ పెడితే 126. నమ్మలేదు, ఇంకో వేలు గుచ్చాను, అంతే. ఒళ్లు ఇన్నాళ్లూ 250కి అలవాటుపడి ఉంటుంది, మామూలు స్థాయికి దిగితే అదే తక్కువనుకుని గగ్గోలు పెడుతుందని డాక్టరమ్మ వివరించింది. 70కి పైన ఉంటే చక్కెర వద్దు, కూర్చుని కాస్త మజ్జిగ తాగి, గుప్పెడు ఉడికించిన చెనక్కాయలు తింటే చాలంది.

కానీ ఒకసారి షుగర్ నిజంగానే పడిపోయింది. ఆర్డర్ల హడావిడిలో మధ్యాహ్నం భోజనం నాలుగింటికి పోయిన రోజు మీటర్ 64 చూపించింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూస్తే 88, అప్పుడు అన్నం తిన్నాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా పడడం అరుదు, గ్లిమెపిరైడ్ వల్లే ఎక్కువట. దాని మోతాదు సగం చేశారు. ఆ రెండు వణుకులూ నా ఒంటికి ఒకేలా అనిపించాయి. తేడా చెప్పింది మీటరే. అందుకే, స్ట్రిప్పులు ఖరీదని దాచుకునేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

మీటర్ గురించి ఒక మాట. చిత్తూరు నుంచి చుట్టాలు మామిడికాయలు పంపారు, పిల్లలకు కోసిచ్చి అదే చేత్తో వేలు గుచ్చాను: 268. ఆ ముక్కల్లో ఒక్కటి కూడా నేను తినలేదు, ఒట్టు. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి చూస్తే 151. వేలికంటిన పండు రసం అంత పని చేస్తుంది.

ఇక అరికాళ్ల మంటలు. రాత్రి దుప్పటి తగిలినా చురుక్కుమనేది. డాక్టరమ్మ సన్నటి నైలాన్ దారంతో అరికాలంతా అక్కడక్కడా తాకించి, తెలుస్తోందా అని అడిగింది. ఆ దారం పది గ్రాముల ఒత్తిడికి వంగేలా చేస్తారట. అన్ని చోట్లా తెలిసింది. షుగర్ త్వరగా దిగినప్పుడు కొందరికి నరాలు ఇలా మండుతాయంది. రక్తంలో విటమిన్ బి12 పరీక్ష చేయిస్తే అదీ తక్కువే ఉంది, దానికి మాత్రలిచ్చింది. మంట తగ్గింది, పూర్తిగా పోలేదు. మిషన్ తొక్కేటప్పుడు చెప్పులు వేసుకునే అలవాటు నాకు లేదు, ఇప్పుడు చేసుకున్నాను. కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి అయస్కాంతం ఒకటి కొన్నాను. పడుకునే ముందు అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను.

ఏవి వస్తే ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలో కూడా అడిగి రాయించుకున్నాను: కంటి ముందు ఒక్కసారిగా నల్ల చుక్కలు లేదా తెర పడ్డట్టు ఉండడం, ఆగని వాంతులు, ఆయాసం, ఛాతీలో నొప్పి, మగతగా మాట తడబడడం, చక్కెర తాగినా 70 దాటకపోవడం. కాలి పుండు రంగు మారినా, చీము పట్టినా అంతే. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అందులో లేనివాటికి మరీ భయపడడం మానేశాను.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.3కి వచ్చింది. రాగి సంగటి ఎంతైనా తినొచ్చన్న మా అత్త నమ్మకం మాత్రం మీటర్ ముందు నిలవలేదు. పెద్ద ముద్ద తింటే నాకు అన్నంతో సమానంగానే పెరుగుతోంది. సగం ముద్ద, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువ, ఇప్పుడు అదే లెక్క.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. 3,550 మెట్లు, చెప్పుల్లేకుండా. డాక్టరమ్మ వద్దనలేదు. కాళ్లకు స్పర్శ బాగుంది కాబట్టి వెళ్లు, కానీ ఎండకు రాళ్లు కాలకముందే ఎక్కు, దారిలో ఏదో ఒకటి తింటూ ఉండు, మీటరు, గ్లూకోజ్ దగ్గర పెట్టుకో, పైకెళ్లాక అరికాళ్లు చూసుకో అంది. తమిళుల పెరటాసి నెల రద్దీ తగ్గాక తెల్లవారుజామునే బయలుదేరదామని మా ఆయనతో అనుకున్నాం. మందపాటి సాక్సులు రెండు జతలు ఇప్పటికే కొనిపెట్టాను.