బే విండో కప్పు కారుడు: గోడ అతుకు పని ఎంతవరకు వచ్చింది

పాత ఇటుక గోడ, దానికి ముందుకు పొడుచుకొచ్చిన బే విండో, పైన మూడు వాలుల చిన్న కప్పు. షింగిల్స్ (కప్పు మీద వరసలుగా పరిచే పలుచటి ముక్కలు) పైకి బాగానే ఉన్నాయి. ఇలాంటి కప్పుల్లో నీళ్లు దిగేది ఎక్కువగా గోడ అతుకు దగ్గరే, అంటే కప్పు గోడను కలిసే చోట.

అయినా ముందు పైపుతో పరీక్ష, అదీ కింది నుంచి పైకి: చూరు అంచు, వాలు, అతుకు, చివరికి పై ఇటుకలు. ఒక్కో చోట 10-15 నిమిషాలు, లోపల ఒకరు టార్చితో. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లకీ పారి, దిగే చోటేదో తేలదు. ఇక్కడ అతుకు తడిశాకే లోపల చుక్క పడింది.

పాత సీలెంట్ (సందులు మూసే జిగురు) గీకితే కింద ఇంకో పొర, దాని కింద తారు. అతుకును కప్పే రేకును గోడ మీదికి 2 అంగుళాలే మడిచి, పైఅంచుకు సీలెంట్ పూసి వదిలేశారు. ఎండకు రేకు సాగినంత ఇటుక సాగదు, సీలెంట్ ఒకవైపు ఊడుతుంది. ఆ సందులో దిగిన నీళ్లు రేకు వెనక్కే పోతాయి. మళ్లీ మళ్లీ పూయడం మరమ్మతు కాదు, వాయిదా.

పై మూడు వరసల షింగిల్స్ తీసి, వాటి కింది చెక్క పలకల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. మెత్తగా దిగిన చోట వాసాల మధ్యరేఖ వరకు కోసి, కొత్త ప్లైవుడ్ వేశాం. పాత పలక ముప్పావు అంగుళం ఉంటే ప్లైవుడ్ కూడా అంతే ఉండాలి. అర అంగుళం వేస్తే పైన మెట్టు తేలుతుంది. తేమ మీటరు 19 శాతం లోపు చూపేదాకా పైన ఏదీ కప్పకూడదు. తడి కింద చిక్కితే కొత్త చెక్కా పుచ్చుతుంది.

తర్వాత అంటుకునే వాటర్‌ప్రూఫ్ పొర, గోడ మీదికి 6 అంగుళాలు. ఇటుకకు ప్రైమర్ కొట్టకపోతే అది పట్టదు. దానిమీద షింగిల్స్, వాటి పైఅంచు మీద ఎల్ ఆకారపు గాల్వనైజ్డ్ రేకు: గోడకు 4 అంగుళాలు, కప్పు మీదికి 4. అల్యూమినియం వద్దు, సిమెంటు సున్నం దాన్ని తినేస్తుంది. పక్క వాలుల్లో ఒకే పొడవాటి రేకు పనికిరాదు. వరసకో ముక్క చొప్పున, కింది నుంచి పైకి, ఒకదానిపై ఒకటి 2 అంగుళాలు ఎక్కించాలి. మేకులు కప్పుకే, గోడకు కాదు. అట్టడుగు ముక్క చివర బయటికి వంచాలి, లేదంటే నీళ్లు గోడ వెంటే జారతాయి.

అసలు మెళకువ ఎల్ రేకు పైఅంచును కప్పే పై రేకులో ఉంది. ఇటుకల మధ్య అతుకును గ్రైండర్‌తో అంగుళం లోతు కోయాలి, ఇటుకను కాదు. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మంచి మాస్కు తప్పనిసరి. మడిచిన అంచు అందులో దూర్చి, సీసపు ముక్కలతో బిగించి, గాడిని పాలియురెథేన్ సీలెంట్‌తో నింపాలి. ఈ రేకు కింది ఎల్ రేకు మీదికి కనీసం 2 అంగుళాలు దిగాలి. దాని కింది అంచుకు మాత్రం సీలెంట్ ముట్టించొద్దు, లోపల చేరిన నీళ్లు పోవాల్సింది అటే.

ముందు వాలు, ఎడమ వాలు అయ్యాయి. కుడివైపు గాడి కోత మిగిలింది. అది పూర్తయ్యాక మళ్లీ పైపు పరీక్ష. పై ఇటుకలు తడిపినప్పుడే చుక్క పడితే దోషం గోడది, కప్పుది కాదు. లోపలి మరకకు రంగు మాత్రం ఇప్పుడే వద్దు, మీటరు పక్క చెక్కతో సమానంగా చూపాకే.